దొరువుపల్లెలో ప్రజలు లేరు

మా దొరువుపల్లెలో నిరుద్యోగం లేదు. ఉయ్యాల్లో పిల్ల దగ్గర్నుంచి మంచం పట్టిన ముసలమ్మ వరకూ అందరివీ కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాలే. జీతం ఒక్కటే లేదు. తక్కినవన్నీ ఉన్నాయి. మెళ్లో బిళ్ల ఉంది, ఊరి మొదట్లో కాపలా ఉంది, పై అధికారుల చిరాకు ఉంది.

ఈ ఘనత మాకు ఎలా దక్కిందో చెప్పే అర్హత నాకుంది. నా పేరు కుళ్లాయప్ప. ఊళ్లో టెంట్‌హౌస్ నాది. పెళ్లయినా, చావైనా, ఆఫీసర్ల సభయినా షామియానా, కుర్చీలు, మైకు నావే పోవాలి. షామియానా వేసినవాడు సభ ముగిసేదాకా కదలకూడదు కాబట్టి ఈ చుట్టుపక్కల పెద్దమనుషులు మాట్లాడిందంతా గుంజకు ఆనుకుని విన్నాను. నాకు తెలిసినంతలో మనుషులు రెండు రకాలు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాళ్లు, ముఖమల్ గుడ్డ పరిచిన కుర్చీలో కూర్చునేవాళ్లు. మొదటి రకానికి ఏం జరగాలో రెండో రకం నిర్ణయిస్తుంది. అంతకు మించి నేను రాజకీయం చదువుకోలేదు.

మా ఊరికి తూర్పున గుట్ట మీద ఒకప్పుడు అణు పరిశోధనా కేంద్రం ఉండేది. ఏం పరిశోధించారో మాకు తెలియదు. మూసేసి పోతూ పోతూ దాని చెత్తంతా గుట్టలోనే గోతులు తవ్వి పూడ్చారు. వెయ్యేళ్లయినా చెక్కు చెదరదని ఆరోజు నా మైకులోనే చెప్పారు. ఆ వెయ్యేళ్లు తొందరగా గడిచిపోయాయి. నాలుగు మంచి వానలు పడేసరికి గుట్ట నీళ్లు ఊటలై మా దొరువులోకి దిగాయి. దొరువంటే ఇసక నేలలో తవ్విన లోతు తక్కువ బావి. ఊరి పేరు దాన్నుంచే వచ్చింది, ఊరంతా తాగేది దాని నీళ్లే.

కేంద్రం మూతపడింది గానీ ఆఫీసు మూతపడలేదు. మూతపడిన కేంద్రం మూతపడే ఉందా లేదా అని చూసుకోవడానికి ఒక డైరెక్టరు, ఏవో అని పిలిచే ఒక పరిపాలనాధికారి, కొందరు సిబ్బంది మిగిలారు. వాళ్లే ఒకరోజు పరికరాలతో వచ్చి, దొరువు దగ్గరా ఇళ్ల దగ్గరా కొలిచి, ఎవరితోనూ మాట్లాడకుండా జీపెక్కి వెళ్లిపోయారు. ఆఫీసరు మాట్లాడకుండా పోయాడంటే త్వరలో షామియానా పని తగులుతుందని నాకు అనుభవం.

అనుకున్నట్టే బడి ముందు సభ పెట్టారు. ముఖమల్ కుర్చీలు రెండు. ఒకటి డైరెక్టర్ పరాంకుశం గారికి. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, చెడువార్తను కూడా శుభలేఖ చదివినట్టు చదవగలరు. రెండోది ఏవో నరహరిరావు గారికి. ఆయన తల నిండా నిబంధనలే.

"గ్రామస్థులారా, శాఖకు దాపరికం అలవాటు లేదు," అన్నారు డైరెక్టరు. "నియమాల ప్రకారం సామాన్య ప్రజలకు అణుధార్మికత ఏడాదికి ఒక యూనిట్ మించి సోకరాదు. మీ గ్రామంలో తొమ్మిది సోకుతున్నట్టు ప్రాథమికంగా గమనించడమైనది."

ముందు వరసలోంచి సుంకులమ్మక్క లేచింది. నాకు వరసకు అక్క. మొగుడు పోయాక మేకలు మేపి ఒక్కగానొక్క కూతురు శశికళను పెంచి, దూరపు ఊరికి ఇచ్చి పెళ్లి చేసింది. ఎవరికీ భయపడదు, ఎవరినీ తిట్టదు. అడిగిందే అడుగుతుంది.

"తొమ్మిదిని ఒకటి చేసేదానికి ఏం చేస్తారు సార్? అంతవరకూ ట్యాంకరు నీళ్లన్నా తోలిస్తారా?"

"తొమ్మిదిని ముట్టుకోవలసిన పని లేదమ్మా," అన్నారు డైరెక్టరు. "శాఖ దీన్ని లోతుగా అధ్యయనం చేసింది. ఒకటి అనే పరిమితి సామాన్య ప్రజలకు మాత్రమే. అణు సంస్థలో పనిచేసే ఉద్యోగికి ఇరవై వరకూ అనుమతి ఉంది. తొమ్మిది అనేది ఇరవై కన్నా బాగా తక్కువ. కాబట్టి సమస్య తొమ్మిదిలో లేదు. గ్రామంలో సామాన్య ప్రజలు ఉండటంలో ఉంది."

"ఊరు ఖాళీ చేయమంటారా సార్?"

"ఎంతమాట. ప్రజలను తరలించడం అమానుషం. ప్రజలనే హోదాను మాత్రమే తరలిస్తాము. ఈ క్షణం నుంచి మీరంతా శాఖలో గౌరవ ఉద్యోగులు."

జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం అన్న మాట చెవినపడ్డాక చేతులు ఊరుకోవు. మా ఊళ్లో డిగ్రీ చదివి ఎనిమిదిసార్లు పరీక్ష రాసినవాళ్లున్నారు. ఇప్పుడు నీళ్లు తాగినందుకు ఉద్యోగం వచ్చింది.

ఏవో గారు అక్కడికక్కడే వేలిముద్రలు తీసుకున్నారు. సంతకం వచ్చినవాళ్లకూ వేలిముద్రే. పసిపిల్లల తరఫున తల్లులు వేయబోతే ఆయన ఒప్పుకోలేదు. "ఉద్యోగం వ్యక్తిగతం. ఎవరి అంగీకారం వారి వేలితోనే తెలపాలి. మరొకరి ముద్ర చెల్లదు." అలా నిద్రపోతున్న పిల్లల బొటనవేళ్లకు సిరా పూసి అంగీకారం తీసుకున్నారు. పిల్లలను మొదట అప్రెంటిస్‌లుగా చేర్చారు. తర్వాత చూస్తే అప్రెంటిస్‌కు పరిమితి ఆరేనట. తొమ్మిది ఆరు కన్నా ఎక్కువ కాబట్టి వాళ్లందరికీ ఆ సాయంత్రమే ప్రమోషన్ ఇచ్చారు. శాఖ చరిత్రలో అంత వేగంగా పైకి వచ్చినవాళ్లు లేరని డైరెక్టరు మెచ్చుకున్నారు. అరవై దాటిన వాళ్లను సలహాదారుల్ని చేశారు. బర్రెల గురించి నిబంధనల్లో ఏమీ లేదు కాబట్టి వాటికి ఏ ప్రమాదమూ లేదని తేలింది.

అందరికీ మెళ్లో వేసుకోవడానికి తలా ఒక బిళ్ల ఇచ్చారు. ఒంటికి ఎంత సోకిందో ఆ బిళ్ల పట్టుకుంటుందట. పట్టుకున్నది ఎవరు చదువుతారని అడిగితే, చదివే ల్యాబు కేంద్రంతో పాటే మూతపడిందన్నారు. మా వాళ్లు కొన్నాళ్లు మెళ్లో వేసుకుని, తర్వాత నిమ్మకాయా మిరపకాయల పక్కన గడపకు కట్టేశారు. గాలి సోకకుండా ఉంటుందని వాళ్ల నమ్మకం. ఆ బిళ్ల మీద శాఖకున్న నమ్మకం కూడా అంతకు మించి లేదు.

తర్వాత ఊరి మొదట్లో బోర్డు లేచింది. 'ఇక్కడ సామాన్య ప్రజలకు ప్రవేశం లేదు.' పక్కన ఒక గార్డు. ఎందుకంటే లోపలికి ఒక్క సామాన్యుడు వచ్చి కూర్చున్నా అతని లెక్కన ఊరు మళ్లీ తొమ్మిది రెట్లు ప్రమాదంలో పడుతుంది. చుట్టాలు వస్తే సాయంత్రం ఐదు వరకూ విజిటర్ పాసు. బస్సు బోర్డు దగ్గరే ఆగిపోయేది, అందులో ఉన్నది పబ్లిక్ కాబట్టి. మా మల్లికార్జున కూతురు పెళ్లికి షామియానా సగం బోర్డు లోపల, సగం బయట వేశాను. పెళ్లికూతురు ఉద్యోగి, పెళ్లికొడుకు సామాన్యుడు. తలంబ్రాలు గార్డు తల మీదుగా పోసుకున్నారు. నేను నవ్వుకున్నాను. ఇదంతా నాకు అప్పుడు తమాషాగానే ఉండేది, అబద్ధం ఎందుకు.

ట్యాంకరు మాత్రం రాలేదు. సుంకులమ్మక్క అడిగినప్పుడల్లా ఏవో గారు ఒకటే చెప్పేవారు. "ఉద్యోగుల తాగునీరు పరిమితికి లోబడే ఉన్నది." అక్క కడవ చంకన పెట్టుకుని దొరువుకు పోయేది.

అలా ఉండగా ఒకరోజు పొద్దున బోర్డు దగ్గర ఆటో ఆగింది. శశికళ దిగింది. తొమ్మిదో నెల. పక్కన ఆమె మొగుడు గోవర్ధన్ చేతిలో ట్రంకుపెట్టె. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చింది. మా సీమలో తొలికాన్పు పుట్టింట్లో జరగకపోతే ఆ తల్లి నలుగురిలో తలెత్తుకోలేదు. పైగా శశికళకు అత్త లేదు. గోవర్ధన్ లారీ డ్రైవరు, బండెక్కితే వారం దాకా రాడు. అక్కడ చూసే దిక్కు లేదు.

గార్డు కర్ర అడ్డం పెట్టాడు. "స్టాఫ్ తప్ప ఎవరూ పోకూడదమ్మా. నువ్వు పబ్లిక్."

"నేను ఈ ఊళ్లోనే పుట్టినానన్నా."

"పుట్టినప్పుడు ఇది ఊరు. ఇప్పుడు ఆఫీసు." అతను బల్ల మీది రిజిస్టరులో పేరు రాసుకుని, పక్కనే 'గర్భవతి' అని కూడా రాశాడు.

కబురందుకుని సుంకులమ్మక్క పరుగెత్తి వచ్చింది. గంట తిరగకముందే డైరెక్టరు, ఏవో జీపులో దిగారు. ఎండకు గర్భిణి నిలబడి ఉంది కదా అని నేను షామియానా తెచ్చాను. దాని కింద ముందు ఆఫీసర్లు కూర్చున్నారు. శశికళకు నేను వేరే కుర్చీ వేశాను. అది ప్లాస్టిక్‌దే.

ఏవో గారు దగ్గి మొదలుపెట్టారు. "మొదటి మార్గం విజిటర్ పాసు. సాయంత్రం ఐదు లోపల ప్రసవం పూర్తి చేసుకుని తిరిగి వెళ్లగలదా?"

"నొప్పులు పాసు చూసుకుని వస్తాయా సార్?" అంది అక్క.

"అయితే రెండో మార్గం. ఈమెను కూడా ఉద్యోగంలోకి తీసుకుందాం." ఆయన సిరా డబ్బా మూత తీశారు. డైరెక్టరు ఆయన చెయ్యి పట్టుకున్నారు.

"తొందరపడకండి. నియమావళి ఏమంటుందంటే, గర్భిణి అయిన ఉద్యోగిని విషయంలో గర్భానికి ఒక యూనిట్ మించరాదు. కారణం స్పష్టం. ఉద్యోగంలో చేరింది తల్లి. గర్భస్థ శిశువు చేరలేదు. కాబట్టి గర్భస్థ శిశువు సామాన్య ప్రజల కోవలోకి వస్తుంది."

"మరి ఇంతవరకూ ఊళ్లో కడుపుతో ఉన్నవాళ్ల సంగతి?" అని నేను గుంజ దగ్గర్నుంచి అడిగాను.

"ఏ ఉద్యోగినీ ఇంతవరకూ రాతపూర్వకంగా గర్భం తెలియపరచలేదు," అన్నారు ఏవో. "తెలియపరచని గర్భం శాఖ దృష్టిలో గర్భం కాదు. కానీ ఈమెది గార్డు రిజిస్టరులో రాసేశాడు." గార్డు తల వంచుకున్నాడు.

"అయితే శిశువునే నియమిస్తే?" ఏవో గారి కళ్లు మెరిశాయి. "స్కానింగులో బొటనవేలు కనపడుతుంది కదా సార్."

ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మన పెద్దలు వెక్కిరించేవారు. శాఖ ఇంకో మెట్టు పైకెక్కింది. పుట్టకముందే పోస్టింగు. కానీ సిరా అంత లోపలికి చేరే దారి కనపడక ఇద్దరూ ఆలోచనలో పడ్డారు.

సుంకులమ్మక్క అప్పటిదాకా కూతురి భుజం మీద చెయ్యి వేసి వింటూ ఉంది. ఇప్పుడు డైరెక్టరు ముందుకొచ్చింది.

"సార్, నాకు ఒగటి అర్థం కాలా. ఈ నీళ్లు పాప కడుపులో బిడ్డకు పనికిరావు. అంతే గదా మీరు చెప్పేది?"

"అది... నియమావళి పరిభాషలో చెప్పాలంటే..."

"పనికొస్తాయా, పనికిరావా?"

డైరెక్టరు గారు మళ్లీ శుభలేఖ చదివే గొంతు తెచ్చుకున్నారు. "గర్భస్థ శిశువుకు సిఫారసు చేయబడవు," అన్నారు.

"మరి మొన్న మా వీధిలో నాగమునెమ్మకు ఆరో నెలలో పోయింది. అంతకుముందు హుసేన్‌బీ కోడలికి పోయింది. వాళ్లు తాగింది ఈ నీళ్లే గదా. వేలిముద్ర ఏసినంత మాత్రాన ఒళ్లు మారతాదా సార్?"

నాకు నవ్వు పోయింది. రెండో కాన్పులో మా ఆవిడ చేతుల్లో చల్లబడిన బిడ్డ గుర్తొచ్చాడు. వాడు ఎందుకు పోయాడో నాకు తెలియదు. ఈ ఆఫీసర్లకూ తెలియదు. ఇన్నాళ్లూ నేను అడగనైనా లేదు, అడగవలసిన మనుషులకే కుర్చీలు వేసి పక్కన నిలబడ్డాను. ఆ క్షణాన గుంజ పీకి ఆ షామియానా వాళ్ల నెత్తిన వేయాలనిపించింది. కింద శశికళ ఉందని ఆగాను.

ఏవో గారు ఇబ్బంది పడి నిబంధన చాటుకు చేరారు. "మెటర్నిటీ నియమం ప్రకారం గర్భిణిని సురక్షిత ప్రదేశంలో ఉంచవలెను. అంతవరకూ శాఖ బాధ్యత వహిస్తుంది."

"సురక్షిత ప్రదేశమంటే యాడ సార్?"

"ఉదాహరణకు మా స్టాఫ్ కాలనీ," అని ఏవో నాలుక కరుచుకున్నారు.

కాలనీ గుట్టకు ఆవలి పక్క, గాలి ఎదురుగా వచ్చే వైపు ఉంది. డ్యాము నీళ్లు పైపులో వస్తాయి. కేంద్రం మూతపడ్డాక సగం క్వార్టర్లకు తాళాలే.

"నేను స్టాఫే గదా సార్. స్టాఫ్‌కు క్వార్టరు ఇయ్యాల గదా."

"మీరు గౌరవ ఉద్యోగులు కదమ్మా..."

"గౌరవముంటే ఇంకా మంచి క్వార్టరే ఇస్తారులే," అని అక్క కూతుర్ని ఆటో ఎక్కించింది. "కుళ్లాయా, బండి తీయరా. మంచం, పొయ్యి, కడవలు ఎక్కిద్దాం. కాన్పు పుట్టింట్లోనే. పుట్టిల్లే ఈపొద్దు కాలనీకి మారింది."

నా టెంట్‌హౌస్ ఆటో ట్రాలీలో పెళ్లి సామాన్లు చాలా మోశాను. ఒక ఇంటిని మోయడం అదే మొదలు. కాలనీలో తాళం వేసిన క్వార్టరు వరండాకు షామియానా గుడ్డ చుట్టూ కట్టాను. అక్క పైపు తిప్పింది. నీళ్లు వచ్చాయి. ఆమె దోసిలి పట్టి చాలాసేపు తాగలేదు, చూస్తూ ఉండిపోయింది.

మూడోనాడు శశికళకు ఆడపిల్ల పుట్టింది. కాలనీ డిస్పెన్సరీ నర్సు వచ్చి కాన్పు చేసింది. బిడ్డ ఏడుపు కాలనీ గేటు దాకా వినపడింది.

ఆ వార్త ఊరు చేరింది. ముందు కడుపుతో ఉన్నవాళ్లు వచ్చారు, తర్వాత చంటిపిల్లల తల్లులు. చివరికి సలహాదారులు కూడా మంచాలతో సహా దిగారు. మేమూ స్టాఫే అన్నారు. గేటు దగ్గర సెక్యూరిటీ ఆపితే బిళ్ల చూపించారు. గడపకు కట్టిన బిళ్లకు మొదటిసారి పని తగిలింది.

ముందు నుయ్యి, వెనుక గొయ్యి అంటే ఏమిటో పరాంకుశం గారి ముఖంలో చూశాను. ఉద్యోగాలు రద్దు చేస్తే మేం మళ్లీ సామాన్య ప్రజలం. అప్పుడు తొమ్మిది మళ్లీ తొమ్మిదే, ఊరిని శుభ్రం చేయాలి, గోతుల సంగతి పైకి రాయాలి. రద్దు చేయకపోతే క్వార్టర్లలో మేకలు. పైవాళ్లు మెచ్చే దారి ఏదని ఆయన తల పట్టుకుని కూర్చున్నారట. కాలనీ క్లబ్బు ముందు షామియానా వేయమని నాకు చెప్పేటప్పటికి మాత్రం ముఖం విప్పారింది.

"సహోద్యోగులారా," అన్నారు మైకులో. "ప్రభుత్వ సేవలో బదిలీలు సహజం. ప్రజా ప్రయోజనాల దృష్ట్యా మీ అందరినీ తక్షణమే దొరువుపల్లెకు బదిలీ చేయడమైనది."

మా ఊరికి మమ్మల్నే బదిలీ. ప్రజలు లేని ఊరికి, ప్రజా ప్రయోజనాల దృష్ట్యా. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని విన్నాను గానీ, తన తలే తాను తన్నుకునే శాఖను ఇదే చూడటం. నవ్వడానికి ఎవరికీ ఓపిక లేదు. బదిలీ ఆర్డరు కాదంటే పోలీసులు వస్తారని అప్పటికే ఎవరో చెప్పారు. మంచాలు మడిచే చప్పుడు వినపడింది.

సుంకులమ్మక్క చేతుల్లో బిడ్డతో లేచింది.

"పోతాం సార్. ఆర్డరంటే ఆర్డరే. నేను స్టాఫు, నాకు బదిలీ. మరి ఈ పాప?"

"ప్రసవమైంది కాబట్టి తల్లిని ఇక ఉద్యోగంలోకి తీసుకుంటాం. పాప తల్లితోపాటు వస్తుంది."

"యెట్లొస్తాది సార్? ఈ పాప స్టాఫ్ కాదు. ఆ బోర్డు దాటి పబ్లిక్ రాకూడదని మీరే రాసినారు. పాప రాకుంటే బాలింత రాదు, బాలింత రాకుంటే నేను రాను. తొలికాన్పు బాలింతను ఒంటరిగా ఇడిసిపెట్టి ఊరోళ్లు పోతే వాళ్లకు పాపం." ఆమె వెనక్కి తిరిగి చూసింది. "ఏమంటారు?"

మంచాలు మడిచే చప్పుడు ఆగింది.

డైరెక్టరు ఏవో వంక చూశారు. ఏవో గారు అప్పటికే సిరా డబ్బాతో వేదిక దిగుతున్నారు. ఆయనకు ఇంతకన్నా సులువైన నియామకం ఉండబోదు. మెడలో వేయడానికి ఒక చిన్న బిళ్ల కూడా జేబులో సిద్ధంగా ఉంది. వంగి, ఎంతో మర్యాదగా బిడ్డ చెయ్యి అందుకున్నారు.

పిడికిలి బిగించి ఉంది. పసిబిడ్డల పిడికిలి సంగతి తెలిసిందే, బొటనవేలు లోపల పెట్టుకుని నిద్రపోతారు. ఏవో గారు మెల్లగా ఒక వేలు లేపబోయారు. బిడ్డ గుక్కపట్టింది. ఆయన ఉలిక్కిపడి వదిలేశారు. అక్క చెయ్యి చాచి ఆ పిడికిలి మీద తన అరచెయ్యి కప్పింది. సిరా తడి ఆరకముందే అని ఏవో గారు మళ్లీ వంగారు, మళ్లీ లేచారు.

"బలవంతం చేయరాదు," అన్నారు డైరెక్టరు నీరసంగా. "అంగీకారం స్వచ్ఛందంగా ఉండాలి."

నేను మెళ్లో బిళ్ల తీసి మైకు పక్కన పెట్టాను. తర్వాత ఇంకెవరో పెట్టారు, నేను లెక్కపెట్టలేదు. అక్క బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముఖమల్ కుర్చీలు రెండూ తెచ్చి అక్క ముందు వేశాను. ఆఫీసర్లిద్దరూ వాటిలో కూర్చుని, సిరా డబ్బా మూత తెరిచి పెట్టుకుని, నిద్రపోతున్న బిడ్డ ముఖంలోకి చూస్తూ ఉండిపోయారు.

ఎండ షామియానా అంచు దాటింది. ఏవో గారు ఓపిక పట్టలేకపోయారు. "అమ్మా, ఎప్పుడు తెరుస్తుంది చెయ్యి?"

"దానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు తెరుస్తాది సార్," అంది సుంకులమ్మక్క, ఉయ్యాల ఊపుతున్నట్టు మోకాళ్లు ఆడిస్తూ. "అది పబ్లిక్కు గదా. అంతవరకూ మీరే కాసుకోనుండాల."